కళ్లు మసక, కణతలు షార్ప్: ఇంట్లోనే సరిచేసిన ఒక రేంజ్‌ఫైండర్ కేసు

ముందే చెప్తున్నా, నేను సర్టిఫికెట్ ఉన్న కెమెరా మెకానిక్‌ని కాదు. పాత కెమెరాలు విప్పి, తుడిచి, మళ్లీ బిగించే పిచ్చి చాలా ఏళ్లుగా ఉంది. తెలిసినవాళ్లు తమవి కూడా తెచ్చిస్తుంటారు. ఈ కేసు ప్రత్యేకంగా రాస్తున్నది గొప్పగా బాగుచేశానని కాదు, మధ్యలో ఒక రాత్రంతా నేనే తప్పు దారిలో నడిచాను, ఇంకాస్త ఉంటే లెన్స్‌ని చెడగొట్టేవాణ్ని కూడా. కెమెరా యజమాని ఎవరో తెలిసే వివరాలన్నీ తీసేశాను, రాయడానికి ఆయన ఒప్పుకున్నారు.

ఆయన దగ్గర ఉన్నవి: లైకా ఎం మౌంట్ ఫిల్మ్ బాడీ ఒకటి (రేంజ్‌ఫైండర్ రకం, అంటే లెన్స్‌లోంచి కాకుండా పక్క కిటికీలోంచి చూస్తూ, రెండు బొమ్మలు ఒకటిగా కలిసేదాకా తిప్పి ఫోకస్ చేసేది), దానికి 35, 90 మి.మీ. లెన్సులు, ఇవి రెండూ ఎం మౌంట్‌వే. వీటికి తోడు కొత్తగా చేరింది పాత సోవియట్ జూపిటర్-3, అంటే 50 మి.మీ. ఎఫ్/1.5, స్క్రూ మౌంట్‌ది. స్క్రూ మౌంట్ లెన్స్ కాబట్టి మధ్యలో ఒక అడాప్టర్. ఫిల్ముకీ మౌంట్‌కీ మధ్య దూరం స్క్రూ మౌంట్‌లో 28.80 మి.మీ., ఎం మౌంట్‌లో 27.80 మి.మీ. ఆ తేడా సరిగ్గా ఒక మిల్లీమీటరు, అడాప్టర్ మందం కూడా అంతే ఉండాలి.

సమస్య ఇది. మీటరు దూరంలో, లెన్స్ ఫుల్ ఓపెన్‌లో (అపెర్చర్ పూర్తిగా తెరిచి) పోర్ట్రెయిట్ తీస్తే కంటి మీద ఫోకస్ పెట్టినా కళ్లు మెత్తగా, కణతల దగ్గర వెంట్రుకలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా వస్తున్నాయి. ఒకటి రెండు ఫ్రేముల్లో అయితే చెయ్యి కదిలిందనో, మనిషి కదిలాడనో అనుకోవచ్చు. రోలంతా అదే వైపు, అదే మేరకు తప్పితే అది మనిషి తప్పు కాదు.

నా దగ్గరికి వచ్చేసరికి ఆయన రెండు పనులు చేసేసి ఉన్నారు. మొదట అడాప్టర్ని అనుమానించి ఇంకొకటి కొన్నారు, ఏమీ మారలేదు. దాంతో తప్పు బాడీదే అని తేల్చుకుని, మౌంట్ లోపల పైన కనిపించే రోలర్ (లెన్స్ వెనక అంచుని తాకే చిన్న చక్రం) మధ్య స్క్రూని తిప్పారు. మీటరు దూరంలో ఒక పుస్తకం పెట్టి, ఫొటోలు సరిగ్గా వచ్చేదాకా తిప్పుతూ ఒక రోలు ఖర్చుపెట్టారు. నిజానికి పని చేసింది కూడా! పోర్ట్రెయిట్లు బాగానే వచ్చాయి. కానీ ఆ తర్వాత 90తో తీసిన దూరపు దృశ్యాలన్నీ మెత్తబడ్డాయి. "ముందు దగ్గర పోయింది, ఇప్పుడు దూరం పోయింది. అయినా 35తో అన్నీ షార్ప్‌గానే వస్తున్నాయండీ, అంటే బాడీ బాగానే ఉన్నట్టేగా?" అని అడిగారు.

ఆ ప్రశ్న దగ్గరే కాసేపు ఆగాలి. 35 మి.మీ. లెన్స్‌కి డెప్త్ (షార్ప్‌గా కనపడే దూరాల మేర) ఎంత ఉంటుందంటే, చిన్న తప్పుల్ని తన కడుపులో దాచేసుకుంటుంది. ఎఫ్/2.5లో రెండు మీటర్ల దగ్గర ఫోకస్ పన్నెండు సెంటీమీటర్లు ముందుకి జరిగినా ప్రింటులో ఎవరికీ కనపడదు. 35తో బాగుందంటే బాడీ బాగున్నట్టు కాదు, దాంతో బాడీని పరీక్షించలేం అంతే. పరీక్షకి 90 కావాలి, లేదా ఫుల్ ఓపెన్‌లో ఉన్న 50.

ఎవరు ఎవర్ని కొలుస్తున్నారు

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు కాగితం మీద ఒక బొమ్మ గీసుకున్నాను. రేంజ్‌ఫైండర్ లెన్స్‌లోంచి చూడదు. లెన్స్ వెనక అంచుని రోలర్ తాకుతూ ఉంటుంది, ఆ అంచు ఎంత ముందుకి వెళ్లిందో చూసి "ఇది ఇంత దూరం" అని ప్యాచ్‌లో (చూసే కిటికీ మధ్యలో ఉండే చిన్న మెరిసే చోటు) బొమ్మల్ని కలుపుతుంది. గాజు ఎక్కడుందో దానికి తెలీదు. అంచు ఎక్కడుందో దాన్నిబట్టి గాజు కూడా సరైన చోటే ఉంటుందని నమ్ముతుంది, అంతే.

ఈ ఒక్క మాట పట్టుకుంటే అడాప్టర్ నిర్దోషి అని అక్కడే తేలిపోతుంది. ఇలాంటి 50 లెన్స్‌లో గాజూ, రోలర్ తాకే అంచూ ఒకే గొట్టం మీద కలిసి కదులుతాయి. అడాప్టర్ మందం 0.03 మి.మీ. తక్కువుందనుకోండి, గాజూ అంచూ రెండూ కలిసి వెనక్కి జరుగుతాయి, ప్యాచ్ కలిసేదాకా మనం రింగ్ తిప్పేసరికి రెండూ కలిసి సరైన చోటికి వచ్చేస్తాయి. మారేదల్లా ఇన్ఫినిటీ (లెన్స్‌కి అత్యంత దూరపు ఫోకస్) దగ్గర రింగ్ ఎక్కడ ఆగుతుందన్నదే. (అడాప్టర్ మరీ మందంగా ఉంటే మాత్రం ఇన్ఫినిటీ అందదు. 35, 90 లాంటి స్క్రూ మౌంట్ లెన్సుల్లో గాజు ఒక లెక్కన, అంచు ఇంకో లెక్కన కదులుతాయి కాబట్టి అక్కడ మందం తేడా నిజంగానే దెబ్బకొడుతుంది.) మైక్రోమీటరుతో నాలుగు చోట్ల కొలిస్తే ఆయన అడాప్టర్ 0.97 ఉంది. పక్కన పెట్టేశాను.

మిగిలింది రెండే. రోలర్ వైపు తప్పు, లేదా లెన్స్ లోపల గాజుకీ అంచుకీ మధ్య తప్పు. రోలర్ని ఆయన ఎలాగూ కదిపారు కాబట్టి ముందు దాన్ని యథాస్థానానికి తేవాలి. అది సరికాకుండా లెన్స్ గురించి ఏం కొలిచినా ఆ కొలతకి అర్థం ఉండదు.

బాడీ

నా దగ్గర సరైనదని తెలిసిన ఎం మౌంట్ 50 ఎఫ్/2 ఒకటుంది. దాన్ని పెట్టి, రింగ్‌ని ఇన్ఫినిటీ దగ్గర ఆపి, రెండు కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న సెల్ టవర్ని చూశాను. టవర్ రెండుగా కనపడింది, ఆయన తిప్పిన మేర అది. రోలర్ స్క్రూని పిసరంత, పిసరంత తిప్పుతూ కలిపాను. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, వీధి చివర ఉన్న ఇంటినో స్తంభాన్నో "దూరమేగా" అని ఇన్ఫినిటీ అనుకోవడం. వంద మీటర్ల దూరానికి 50 లెన్స్ దాదాపు 0.027 మి.మీ. ముందుకి రావాలి. ఎఫ్/1.5లో మనకి దొరికే వెసులుబాటు మొత్తం ఫిల్ము దగ్గర అటు 0.045, ఇటు 0.045. అంటే వంద మీటర్ల స్తంభాన్ని నమ్ముకుంటే సగం వెసులుబాటు అక్కడే తినేసినట్టు.

ఆ తర్వాత 90 పెట్టి చూశాను, అదే టవర్ ఒక్కటిగా కలిసింది. దగ్గర దూరాన్ని నిర్ణయించేది ఆర్మ్ పొడవు, దాని అడ్జస్ట్‌మెంట్ వేరే ఉంటుంది. దాని జోలికి ఆయన వెళ్లలేదు, అందుకు మనసులో దండం పెట్టుకున్నాను, నేనూ వెళ్లలేదు.

వృథాగా పోయిన రాత్రి

ఇప్పుడు ఫిల్ము ఉండే చోట బొమ్మ ఎలా పడుతోందో కళ్లతో చూడాలి. షటర్ని బీలో (నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే సెట్టింగ్) పెట్టి, లాక్ అయ్యే కేబుల్ రిలీజ్‌తో తెరిచి ఉంచి, వెనక తలుపు ఎత్తి, ఫిల్ము గేటు మీద మసక తెర ఒకటి పెట్టి పదింతలు చూపించే లూప్‌తో చూడటం పద్ధతి. (షటర్ గుడ్డది, తెరిచినా మూసినా లెన్స్‌ని ఎండలో సూర్యుడి వైపు మాత్రం తిప్పకండి, చిల్లు పడుతుంది.) మసక తెరగా నేను తెల్లటి మ్యాట్ టేపు వాడాను, అందరూ చెప్పేది అదే కాబట్టి.

మీటరు దూరంలో ఐదు బ్యాటరీ సెల్స్‌ని ఏటవాలుగా, ఒక్కోటి రెండేసి సెంటీమీటర్ల వెనక నిలబెట్టాను. జూపిటర్ పెట్టి, ప్యాచ్‌తో మధ్య సెల్ మీద ఫోకస్ చేసి లూప్‌లో చూస్తే, మధ్యదాని కంటే ముందున్న సెల్ మీద అక్షరాలు బాగా కనపడుతున్నాయి. ముందు! ఫొటోల్లో ఏమో ఫోకస్ వెనక్కి పోతోంది, ఇక్కడ ముందుకి. ఐదుసార్లు చూశాను, రింగ్‌ని ఇన్ఫినిటీ వైపు నుంచి తిప్పుతూ వచ్చి చూశాను, దగ్గర వైపు నుంచి తిప్పుతూ వచ్చి చూశాను. అదే సమాధానం.

అర్ధరాత్రి దాటింది. రోలర్ సరిచేశాక కథ మారిపోయిందేమో, గాజు ఉండాల్సినదానికంటే ముందుందేమో, లోపలి షిమ్‌ని (గాజు ఎంత ముందుండాలో నిర్ణయించే సన్నటి ఉంగరం) అరగదీద్దామని నిర్ణయానికి వచ్చేశాను. ఎమరీ పేపర్ కూడా తీసి బల్ల మీద పెట్టుకున్నాను. ఆపిందేంటంటే ఆయన ఇచ్చిన నెగెటివ్ స్ట్రిప్పు, లైట్ బాక్స్ మీద అలాగే ఉంది. నెగెటివ్ అబద్ధం ఆడదు కదా, ఫిల్ము ఎక్కడుందో దానికంటే బాగా ఎవరికి తెలుసు? నా తెర నెగెటివ్‌తో విభేదిస్తోందంటే తప్పు తెరదే అయ్యుండాలి.

పొద్దున్న వెలుగులో చూస్తే విషయం తేలిపోయింది. గేటు దగ్గర పట్టాలు రెండు జతలుంటాయి. లోపలి జత మీద ఫిల్ము ఆనుతుంది, బయటి జత మీద ప్రెషర్ ప్లేటు ఆనుతుంది. ఫిల్ము సాఫీగా జారాలి కాబట్టి బయటి పట్టాలు ఫిల్ము మందం కంటే కాస్త ఎత్తుగా ఉంటాయి. నా టేపు వెడల్పుగా ఉండి బయటి పట్టాలకి అంటుకుంది. అంటే ఫిల్ము ఉండే చోటి కంటే కనీసం 0.13 మి.మీ. వెనక ఉన్న తెర మీద బొమ్మ చూస్తూ రాత్రంతా కొలతలు వేశాను. మనం వెతుకుతున్న తప్పు కంటే కొలిచే సాధనంలో తప్పే పెద్దది. తెర వెనక్కి జరిగితే ఫోకస్ ముందుకి వచ్చినట్టు కనపడుతుంది, అందుకే అంతా తిరగబడింది.

పాడైపోయిన ఎస్ఎల్ఆర్ నుంచి తీసిన ఫోకసింగ్ స్క్రీన్‌ని లోపలి పట్టాల మీద కూర్చునేంత వెడల్పుకి కోసి, మసక వైపు లెన్స్‌ని చూసేలా పెట్టి, ముందు నా 50తో పరీక్షించాను. మీటరు దగ్గరా, టవర్ దగ్గరా రెండుచోట్లా సరిపోయింది. తెర మీద నమ్మకం కుదిరాకే జూపిటర్ పెట్టాను. ఈ వరుస మొదటి రోజే పాటించి ఉంటే ఒక రాత్రి నిద్ర మిగిలేది.

రోగ నిర్ధారణ

ఈసారి జూపిటర్ నిజం చెప్పింది. మీటరు దగ్గర ఫోకస్ మూడు సెంటీమీటర్లు వెనక, రెండు మీటర్ల దగ్గర అంతకి రెట్టింపు, ఆరు సెంటీమీటర్లు అయినా లెన్స్ కదలికలోకి మార్చి చూస్తే తప్పు సగానికి సగం తక్కువ, టవర్ దగ్గర అసలు తప్పే లేదు.

ఇక్కడే అసలు తర్కం ఉంది. గాజు తప్పు చోట బిగించి ఉంటే తప్పు అన్ని దూరాల్లోనూ ఒకే కొలత ఉండాలి, ఇన్ఫినిటీతో సహా. ఇన్ఫినిటీ దగ్గర సున్నా అయి, దగ్గరికొచ్చేకొద్దీ పెరుగుతోందంటే అది బిగింపు తప్పు కాదు, ఫోకల్ లెంగ్త్ తేడా. పేరుకి రెండూ 50లే. కానీ లైకా రేంజ్‌ఫైండర్ లెక్క వేసుకున్నది 51.6 మి.మీ.కి. జూపిటర్-3 మూలం 1932లో కాంటాక్స్ కెమెరా కోసం జైస్‌లో లుడ్విగ్ బెర్టెలె గీసిన సోనార్, దాని నిజమైన ఫోకల్ లెంగ్త్ 52.4 చుట్టుపక్కల. మీటరు దూరానికి 51.6 లెన్స్ 2.98 మి.మీ. ముందుకొస్తే చాలు, 52.4 లెన్స్ 3.08 రావాలి. పదో వంతు మిల్లీమీటరు తేడా. మీటరు దగ్గర ఆ 0.1 అంటే దాదాపు మూడు సెంటీమీటర్లు, సరిగ్గా కంటి నుంచి కణత వైపు వెళ్లే దూరం. రెండు మీటర్లకి తేడా 0.045.

అంటే లెన్స్ చెడిపోలేదు. ఎవరూ తప్పు చేయలేదు. వేరే లెక్కలో పుట్టిన లెన్స్ వేరే ఇంట్లో కాపురం చేస్తోంది. ఆయన రోలర్ తిప్పి చేసింది, ఈ ఒక్క లెన్స్ లోటుని పూడ్చడానికి బాడీ మొత్తాన్ని 0.1 పక్కకి జరపడం. దాంతో ఇన్ఫినిటీ అని ప్యాచ్ చెప్పిన చోట ఫోకస్ నిజానికి ఇరవై ఏడు మీటర్ల దగ్గర పడింది, 90 దాన్ని బయటపెట్టింది.

షిమ్

గాజుకీ అంచుకీ మధ్య సంబంధాన్ని మార్చగలిగేది ఒక్కటే చోటు, ఆప్టికల్ బ్లాక్ కూర్చునే భుజం కింద ఉండే షిమ్. సన్న సెట్ స్క్రూలు వదులుచేస్తే బ్లాక్ మొత్తం మర తిరిగి ముందుకి వచ్చేస్తుంది, ఫోకస్ మరని విప్పాల్సిన పనే లేదు. దాన్ని విప్పితే మళ్లీ ఏ గాడిలో ఎక్కించాలో వెతుక్కుంటూ ఇంకో రాత్రి పోతుంది. వెనక గాజు గుంపుని లోపలికి జరిపి ఫోకల్ లెంగ్త్‌నే కాస్త తగ్గించే మార్గం కూడా ఉంది. వేరేవాళ్ల లెన్స్ మీద అది నేను చేయను.

మొదటి ప్రయత్నం అల్యూమినియం ఫాయిల్ పొరలు. మైక్రోమీటరులో 0.1 చూపించింది, బిగించి రెండోసారి విప్పి చూస్తే ముడతలు అణిగిపోయి 0.08కి వచ్చింది. అణిగిపోయేది షిమ్‌గా పనికిరాదు. రెండోది ప్రొజెక్టర్ ట్రాన్స్‌పరెన్సీ షీటు, మందం సరిగ్గా 0.1. ఉంగరంలా కోసి వేశాను. మీటరు దగ్గర ఎఫ్/1.5లో కనుపాప మీద ఫోకస్ పెడితే కనుపాప మీదే పడింది. ఆ క్షణం చాలా సంతోషించాను, ఫోన్ చేసి చెప్పేశాను కూడా. తొందరపడ్డాను.

రెండు మీటర్ల దగ్గర చూస్తే ఫోకస్ ఏడు సెంటీమీటర్లు ముందుకొచ్చింది, అక్కడ ఎఫ్/1.5 డెప్త్ ఒక్కో వైపు ఆరు సెంటీమీటర్లే. ఒక మీటరుకి మందు వేస్తే రెండు మీటర్లకి జ్వరం వచ్చింది. రావాల్సిందే కదా, షిమ్ అన్ని దూరాల్నీ ఒకే కొలతలో జరుపుతుంది, తప్పేమో దూరాన్నిబట్టి మారుతోంది. ఈ జబ్బుకి పూర్తి మందు షిమ్‌లో లేదు. ఏ దూరంలో ఎంత తప్పుని భరిస్తారో యజమానిని అడిగి తేల్చుకోవాలి.

అడిగాను. ఆయన చెప్పినదానికంటే కాంటాక్ట్ షీట్లే ఎక్కువ చెప్పాయి. "నేను ఎప్పుడూ మీటరు దగ్గరే తీస్తాను" అన్నారు, షీట్లలో చూస్తే ఎక్కువ ఫ్రేములు ఒకటింబావు నుంచి రెండు మీటర్ల మధ్యవే. దూరపు దృశ్యాలకి ఆయన ఈ లెన్స్ తియ్యరు, తీసినా పగటి వెలుగులో, ఎఫ్/5.6కో ఎఫ్/8కో మూసి. దాన్నిబట్టి 0.075 మి.మీ. ఇత్తడి షిమ్ రేకు ఎంచుకున్నాను. లెక్క ప్రకారం మీటరు దగ్గర ఏడు మిల్లీమీటర్లు వెనక, ఒకటిన్నర దగ్గర తొమ్మిది మిల్లీమీటర్లు ముందు, రెండు దగ్గర నాలుగు సెంటీమీటర్లు ముందు, అన్నీ ఎఫ్/1.5 వెసులుబాటు లోపలే. ఇన్ఫినిటీ మాత్రం ఫుల్ ఓపెన్‌లో పోతుంది, ఎఫ్/4కి మూస్తే తిరిగొస్తుంది.

ఇంకో సంగతి కూడా ఈ నిర్ణయానికి కలిసొచ్చింది. సోనార్ జాతి లెన్సుల్లో అపెర్చర్ మూసేకొద్దీ ఫోకస్ వెనక్కి జారుతుంది. మన షిమ్ దూరాల్లో ఫోకస్‌ని ముందుకి లాగుతోంది, లెన్స్ స్వభావం వెనక్కి లాగుతోంది, కాబట్టి ఎఫ్/2.8, ఎఫ్/4 దగ్గర దూరం అనుకున్నదానికంటే బాగానే వచ్చింది. మీటరు దగ్గర మాత్రం ఇదే జారుడు మనకి ఎదురు. అక్కడ ఎఫ్/2.8లో తీస్తే మళ్లీ కాస్త వెనక్కి పడుతుందని ఆయనకి ముందే చెప్పాను. ఇది మరీ పాత లెన్సుల రోగమేం కాదు, జైస్ ఈ కాలంలో తెచ్చిన సి సోనార్ 50 ఎఫ్/1.5కీ ఉంది.

తెర మీద చూసింది చాలదని ఒక రోలు పూర్తిగా పరీక్షకే వాడాను. నాలుగు దూరాలు, మూడు అపెర్చర్లు, ప్రతిదీ మూడేసి ఫ్రేములు, మొత్తం 36. ప్రతిసారీ రింగ్‌ని పూర్తిగా కదిపి మళ్లీ ఫోకస్ చేసి తీశాను, ఎందుకంటే అదే సెట్టింగ్‌లో మూడు తీస్తే మన చేతి తప్పు ఎంతో తెలీదు. మీటరు దగ్గర నా చేతి తప్పే అటూ ఇటూ ఐదు మిల్లీమీటర్లు ఉందని తేలింది, కాబట్టి ఏడు మిల్లీమీటర్ల కోసం ఇంకా పాకులాడటం దండగ.

మళ్లీ చేయాల్సి వస్తే వరుస మారుస్తాను. యజమాని ఏం తిప్పారో మొట్టమొదట అడిగి రాసుకుంటాను, తెరని మంచి లెన్స్‌తో పరీక్షించాకే రోగి దగ్గరికి వెళ్తాను, ఇన్ఫినిటీ దగ్గరా మీటరు దగ్గరా రెండు కొలతలు లేకుండా ఏ స్క్రూ ముట్టుకోను. మీటరు దగ్గర ఒక్కచోటే చూసి ఉంటే ఇది ఫోకల్ లెంగ్త్ తేడా అని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. కాంటాక్ట్ షీట్లు అడగడం కూడా చివర్లో కాకుండా మొదట్లోనే చేయాలి.

ఒక లోపం మిగిలిపోయింది. షిమ్ మందం పెరిగేసరికి బ్లాక్ మర ముందే ఆగిపోతుంది, దాంతో అపెర్చర్ చుక్క పైన ఉండాల్సింది పక్కకి తిరిగింది, సెట్ స్క్రూ కూడా పాత గుంటలో పడటం లేదు. కొత్త గుంట వేయనా అని అడిగితే వద్దన్నారు, పక్కనుంచి చూసుకుంటానులెండి అన్నారు. లెన్స్‌ని వెనక్కి ఇచ్చేటప్పుడు మూత లోపల చిన్న కాగితం అంటించాను: "పాత షిమ్ అలాగే ఉంది, దాని మీద 0.075 ఇత్తడి అదనం. కాంటాక్స్ లెక్క కెమెరాకి తిరిగి పెట్టాలంటే అది తీసేస్తే చాలు. రోలర్ ముట్టుకోవద్దు." ఆ చివరి మాట కింద ఆయనే పెన్నుతో గీత గీసుకున్నారు.